గట్టు కింద గొట్టం

మా మామయ్యగారు మాట్లాడటం మొదలెడితే మైకు అక్కర్లేదు. ఊళ్ళో ఏ అన్యాయం జరిగినా మా అరుగు మీద విచారణ జరగాల్సిందే. అన్నిటికన్నా ఆయనకి ఒళ్ళు మండే విషయం ఏటిగట్టు. గట్టుకి అవతల గోదారి, ఇవతల మా ఇల్లూ అరటితోటా. మండదా మరి! "గట్టుని కాంట్రాక్టర్లు తినేశారమ్మాయీ, బకాసురులు!" అనేవారు, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ.

అది అబద్ధమని నేననను. తిన్నవాళ్ళు తిన్నారు. కాకపోతే ఆ పంక్తిలో మేమూ ఓ విస్తరేసుకుని కూర్చున్నాం.

సంగతేంటంటే, నేను కాపరానికొచ్చిన ఏడాది వేసవిలో ఎప్పట్లాగే కాలవలకి నీళ్ళు కట్టేశారు. ఎండలు చూస్తే నిప్పులు. అరటి ఆకులు వడిలిపోతున్నాయి. పక్కన గోదారిని పెట్టుకుని తోట ఎండబెట్టుకోవడమేంటని మామయ్యగారు నలుగురు కూలీల్ని పెట్టి, గట్టుకి అడ్డంగా తవ్వించి, తొడ లావు ఇనప గొట్టం వేయించి, ఏటివైపు ఇంజను బిగించారు. అదీ ఆదివారం పూట. ఆఫీసువాళ్ళకి సెలవు కదండీ! ఆ కూలీలకి కోడికూర వండింది నేనే. సుష్టుగా తిని, గొట్టం మీద మట్టి లాగేసి వెళ్ళిపోయారు. దిమ్మిస కొట్టి ఆ మట్టిని గట్టిపరిచిన పాపాన ఎవడూ పోలేదు. వానాకాలం వచ్చేసరికి గొట్టం మూతికి కర్ర బిరడా బిగించారు, పైన గడ్డి మొలిచింది, మేం మర్చిపోయాం.

రెండేళ్ళు గోదారి మర్యాదగా వచ్చి మర్యాదగా వెళ్ళింది. ఆ తర్వాతి శ్రావణంలో మాత్రం ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పొద్దున్నే రేడియోలో చెప్పారు. ఊరంతా గట్టెక్కింది, భయంతో అనుకునేరు! తీర్థానికొచ్చినట్టు వచ్చారు. అప్పుడే బజ్జీల బండి కూడా వచ్చేసింది. ఆడవాళ్ళం పసుపూ కుంకుమా రవికెల గుడ్డలూ నీళ్ళలో వదిలి, శాంతించు తల్లీ అని దణ్ణాలు పెట్టాం. కూలీలకి కోడికూర, గోదారమ్మకి రవికెల గుడ్డ. ఎవరికి చెయ్యాల్సిన మర్యాద వాళ్ళకి చేశాను.

ఇంతలో మా గడ్డిమేటు పక్కన నేల కుతకుతమంటూ నీళ్ళు ఉబికాయి. నేను అటు పరుగెత్తాను. చంకలో ఏడాది పిల్ల. మగాళ్ళు తలో తట్టా తెచ్చి ఆ ఊట మీద మట్టి పోయడం మొదలెట్టారు. గట్టు కాపలా చూసే ముసలి లస్కరు పరుగెత్తుకొచ్చాడు.

"ఆపండి బాబూ! దాని నోరు మూస్తే ఇంకోచోట పుడుతుందండి. చుట్టూ బస్తాలు పేర్చి నీళ్ళు నిలవనివ్వండి. తేట నీళ్ళొచ్చినంతసేపూ పర్లేదండి."

వంగి దోసిలి పట్టి చూశాడు. నీళ్ళు ఎర్రటి బురద. ఆయన మొహం మారిపోయింది.

"ఇది గట్టు లోపల్నించి మట్టి లాక్కొచ్చేస్తోందండి. అయ్యగారండీ, ఇక్కడ కింద గొట్టమేదన్నా ఉందాండి? గొట్టానికి బిరడా కొట్టినా, పక్కన మట్టి వదులుగా ఉంటే నీళ్ళు దాన్ని పట్టుకునే వచ్చేస్తాయండి. అవతల మూతెక్కడుందో చెబితే అక్కడ టార్పాలిన్ పరదా దించుదాం. లేదంటే మజ్జాన్నానికి గండేనండి."

"గొట్టమేంటయ్యా!" అని లేచారు మామయ్యగారు. "ఎలక కన్నాలు పూడ్చమంటే పూడ్చకుండా నిద్రపోయి, ఇప్పుడు గొట్టాలంటావా? కాంట్రాక్టర్లకి చెప్పు ఆ మాట!" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి భుజమ్మీది కండువాని సర్దుతూనే ఉంది.

ఊట పక్కన నేల అరచెయ్యంత మేర కుంగింది. నాకు ఒళ్ళు తెలీని కోపమొచ్చింది. పిల్ల, ఇల్లు, దిగువనున్న పేటలో పూరిళ్ళు, అన్నీ కలిపి ఈయన పరువుకి బలివ్వాలా?

"మామయ్యగారూ, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు. మా అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. మామయ్యగారు గోదారి వైపు తిరిగి, "ఆ తుమ్మమొద్దుకి రెండు బారల కింద," అన్నారు. అంతమందిలో లస్కరు ఒక్కడికే వినబడింది. మొదటిసారి ఆయన మాటకి మైకు కావాల్సొచ్చింది.

ఇసుక బస్తాలు కట్టిన టార్పాలిన్ని తాళ్ళతో అక్కడికి దించారు. వరద దాన్ని లాగి గట్టుకి అంటించేసింది. మజ్జాన్నం దాటేసరికి ఊట తగ్గి, నీళ్ళు తేటబడ్డాయి. నేను కూలబడి ఏడ్చేశాను.

అసలు తమాషా తర్వాత మొదలైంది. "మా కొబ్బరితోట దగ్గరొకటుందయ్యా," అంటూ ఒకాయన లస్కరు చెవిలో ఊదాడు. "మాది రైసుమిల్లు పక్కన," అని ఇంకొకాయన. కాంట్రాక్టర్లని తిట్టిన పెద్దమనుషులందరూ రేషన్ షాపు దగ్గర నిలబడ్డట్టు వరసలో నిలబడ్డారు. లస్కరు ఒక్కో చోటా కర్ర పాతుకుంటూ వెళ్ళాడు.

తిరిగొచ్చి మా మెట్ల మీద కూర్చుంటే మజ్జిగ ఇచ్చాను. ఊరిని కాపాడింది నేనేనని నాకు లోపల కాస్త గర్వంగానే ఉంది. ఆయన కూడా అదే మాటంటాడని నిలబడ్డాను.

"ఏళ్ళ తరబడి ఈ గట్టు మీద ఎలక కన్నాలు వెతుక్కుంటూ తిరిగానండి," అన్నాడు. "ఎండకి సోలిపోతే ఎన్నిసార్లో మీ చేతి మంచినీళ్ళే తాగాను. ఆ గొట్టం సంగతి మీకు తెలుసు కదమ్మా?"

తెలుసన్నాను.

"మరి అప్పుడెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడంతే. గొట్టం వేయించిన వేసవిలో అరటి గెలలమ్మిన డబ్బుతో చేయించిన గాజులు నా చేతికే ఉన్నాయి. ఖాళీ గ్లాసు అందుకుని లోపలికెళ్ళిపోయాను.