కళ్లు తెరవని రాతి సిపాయి

మధ్యాహ్నం ఒంటిగంటకు నంద్యాల బస్సు నన్ను ఆళ్లగడ్డలో దింపింది. ఉత్తర కార్తె వాన అప్పుడే వెలిసింది. భుజాన కిట్టు సంచి, చేతిలో ఫీల్డు టెలిఫోను పెట్టె. నల్లరేగడి నా బూట్లను పట్టుకుని వదల్లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడబోతున్న ఏడాది అది.

యుద్ధకాలంలో సైన్యపు మహిళా దళంలో టెలిఫోన్లు చూసినదాన్ని నేను. ఆడదానికి సైన్యంలో ఏం పని అని నంద్యాలలో ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. అడగండి, జవాబుంది. ఆళ్లగడ్డలో ఎవరి నుంచి ఎవరిని కాపాడావని అడిగితే మాత్రం లేదు.

ఆర్డరు చిన్నదే. ఊరి బయటి ఒక చేనులో, కంపెనీ కాలంలో, పాళెగాడి మనుషులకూ కంపెనీ సిపాయిలకూ పోరు జరిగింది. ఇంగ్లండులో చరిత్ర పిచ్చి ఉన్న కొందరు చందాలు పోగుచేసుకుని వచ్చారు. ఆ నేల చెదరకుండా కంచె వేస్తారట. రెండు పక్షాల సిపాయిలకూ కలిపి ఒకే రాతి విగ్రహం నిలుపుతారట. జిల్లా అధికారులు సరేనన్నారు. అంతవరకూ చేనులో నాగలి పడకూడదు. కాపలాకు మాజీ సైనికులం ముగ్గురం: హవల్దారు, వంటవాడు, నేను. ఇంగ్లీషు వచ్చు గనుక దుబాసీ పని కూడా నాదే.

చేను రాములక్కది. మొగుడు పోయిన మనిషి. ఆ జొన్నలే ఆమె ఇంటికి ఏడాది తిండి. బదులు నేల ఇస్తామన్నారు, ఎక్కడో ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఆరింటికే విత్తే గొర్రు, ఎద్దులతో వచ్చి గట్టు మీద నిలబడింది.

"ఏందమ్మా, నా చేన్లోకి నన్నే పోనీకుండా ఆపుతాండావ్? పదును పోతాంది. ఇంకో రెండెండలు కాస్తే ఇత్తనం మొలవదు."

"ఆర్డరక్కా."

"ఎవురి ఆర్డరు? తెల్లోళ్లు పోయినారంటిరి గదా!"

హవల్దారు గుడారం వెనక్కి పోయి నవ్వుకున్నాడు. నేను దొరలున్న బంగళాకు ఫోను చేశాను.

"క్షమించమనండి," అన్నాడు పెద్ద దొర. "ఆ మట్టిలో మనుషులున్నారు." రిటైరైన బడిపంతులు. మంచివాడు. అదే చిక్కు.

చెప్పాను.

"ఉండారని మాకు తెలీదా?" అంది రాములక్క. "మా మామోళ్ల ముత్తాత ఈడనే పడె. ఏటా పేరు పెట్టి పిల్చి, ఇంత సంగటి పెట్టినాకే ఇత్తుతాం."

"ఏ పక్షాన పోరాడినాడు?" అడిగాను.

"ఎవురికి తెల్సు? సిపాయంట."

మూడో రోజు విగ్రహం బండి మీద వచ్చింది, వెంట శిల్పి, దొరలు. గోనెపట్టా తీశారు. మీసం, తలపాగా, తుపాకీ అన్నీ కుదిరాయి. కళ్లు మాత్రం లేవు. కనుబొమల కింద నున్నటి రాయి.

"పని పూర్తి కాలేదా?" అన్నాడు దొర. శిల్పిని అడిగాను.

"కండ్లు ఆఖర్న, నిలబెట్టే తావులో తెరుస్తామమ్మా. ఇంతకీ పేరేంది?"

"పేరెందుకు?"

"పేరు పెట్టి పిలిసే తెరవాల. ఊరికే తెరిస్తే యాడ సూస్తాడు?"

"ఇది దేవుడు కాదప్పా, బొమ్మ!"

"బొమ్మయితే అంగట్లో పెట్టుకోండి. చేన్లో పెట్టి మొక్కేది ఎందుకు?"

గంటసేపు వాదించాను. నేను వాదనలో ఓడడం అరుదు. ఆ రోజు ఓడాను.

మీ పద్ధతి ప్రకారమే జరగాలి అన్నాడు దొర. ఆయన దగ్గరున్నవి చచ్చిన తెల్ల ఆఫీసర్ల పేర్లు. వాళ్లెవరికీ ఈ తలపాగా లేదు. సిపాయిల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ముత్తాత సంగతి నా నోట విన్న ఆయన, గట్టు మీద ఎద్దులతో నిలబడ్డ రాములక్క వైపు తిరిగాడు. "మీ పూర్వీకుడి పేరు చెబితే చాలు. ఈ రోజే కళ్లు తెరిపించి కంచె మొదలుపెడతాం."

తెలుగులో చెప్పాను. ఆమె ఎద్దుల వైపు చూసింది. ఆరిపోతున్న మట్టి వైపు చూసింది.

"నాకు తెలీదు."

హవల్దారు నా మొహం చూశాడు. నేను మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను: ఆమెకు తెలియదట.

సాయంత్రం ఫోను మోగింది. దొర మా సైన్యపు పద్ధతిలోనే మొదలుపెట్టాడు. "చేను, ఇది బంగళా. మా దేశంలో వెతికి పేరు పంపుతాం. పేరొచ్చాకే కళ్లు, కంచె. అప్పటిదాకా కాపలా ఎత్తేయండి."

ఆ పేరు ఇప్పటికీ రాలేదు.

మర్నాడు పొద్దున్నే గుడారాలు చుట్టాం. బస్సెక్కి, కిటికీలోంచి చేను చూశాను. రాతి సిపాయి గట్టు మీద నిలబడి ఉన్నాడు. గొర్రు కట్టి ఉంది. రాములక్క ఆకులో సంగటి ముద్ద పెట్టి, అతని కాళ్ల దగ్గర ఉంచింది. ఆ నున్నటి మొహంలోకి చూస్తూ ఏదో పిలిచింది. పెదవులు కదలడం కనిపించింది. బస్సు చప్పుడులో పేరు వినిపించలేదు.