చీకటి మాస్టారి పది నిమిషాలు

చీకటి మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ప్రయోగశాలలోని ఆయన గదిలో ఎవరు ఏది చూడాలన్నా ముందు పది నిమిషాలు చీకట్లో కూర్చోవాలి. చూడబోయేది ట్యూబు అడుగున రవ్వంత నీలి వెలుగే కావచ్చు, చూడవచ్చింది సాక్షాత్తూ డైరెక్టరే కావచ్చు, నియమం మాత్రం మారదు. తలుపు మూసి, దీపం ఆర్పి, ఆ తర్వాత స్టూలు చూపించేవారు. దీపం ఆర్పాక స్టూలు ఎలా కనబడుతుందని ఎవరూ అడగలేదు. అప్పటికే అది వాళ్ల మోకాలికి తగిలి ఉండేది.

ఏసీ బాగుచేయడానికి వచ్చిన మనిషినీ వదల్లేదు. అతను చూడవలసింది ఏసీని, అది చీకట్లో వెలిగే వస్తువు కాదు. అయినా బుద్ధిగా కూర్చున్నాడు. అరగంట తర్వాత తేలికపడ్డ మొహంతో బయటికి వచ్చి, పనిముట్ల సంచీ లోపలే మరిచిపోయి ఇంటికి వెళ్లిపోయాడు. ఏసీ మరో వారం గుర్రుగుర్రుమంటూనే ఉంది.

ఆ ప్రయోగశాలలో పెద్దమ్మాయి చేరి ఏడు నెలలైంది. ఇద్దరు చెల్లెళ్లు పుట్టాక ఇంట్లో ఆ పేరు స్థిరపడిపోయి, ఆఫీసుదాకా వెంటపడి వచ్చింది. ఇంట్లో గ్లాసు పగిలినా, పాలు పొంగినా ముందు తననే నిలదీసేవారు కనుక, తప్పు జరిగిందంటే చాలు, ఆమెకు నోరు పెగలదు. ఆమె పని, డీఎన్ఏని పట్టుకుని వెలిగే ఒక బుల్లి అణువును తయారుచేయడం.

ఆ పని ఏమిటో ఆమెకు అసలు అర్థమైంది మాస్టారి చీకట్లోనే. డీఎన్ఏ అంటే మెలితిరిగిన మెట్లదారి అనుకోమనేవారు. దాని ఒంటిమీద రెండు గాడులు, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. కొన్ని అణువులు కిక్కిరిసిన బస్సులో ఇద్దరి మధ్య సర్దుకు కూర్చునే పెద్దమనుషుల్లా మెట్ల మధ్య దూరిపోతాయి. అవంటే మాస్టారికి గిట్టదు. ఆయన అభిమానమంతా సన్నగాడిలో ఒదిగిపోయే వాటిమీద. వాటిని 'వారు' అని తప్ప అనేవారు కాదు.

"వారు నీళ్లలో ఉన్నంతసేపూ నిలకడ ఉండదమ్మా. మనం ఇచ్చిన వెలుగంతా ఒళ్లు విదిలించుకోవడానికే ఖర్చయిపోతుంది. గాడిలో కుదురుకున్నాక ఊగడానికి చోటుండదు. ఇక ఆ వెలుగు తిరిగి ఇచ్చేయక తప్పదు."

గొంతు వినబడటమే తప్ప మనిషి కనబడరు. చీకటి మెత్తగా ఒంటిని కప్పేసేది. ఎక్కడో నీళ్లలో కోటానుకోట్ల మెట్లదారులు మెల్లగా తిరుగుతున్నట్టు, వాటి గాడుల్లో ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నట్టు, కూర్చున్న ప్రతివారి చేతిలో నీలిదీపం వెలుగుతున్నట్టు ఆమెకు తోచేది. అలా ఊహల్లో తేలిపోవడం ఆమెకు ఎంతో హాయిగా ఉండేది.

ఒక గురువారం మధ్యాహ్నం మాత్రం ఆ హాయి లేదు. మూడో నెలలో ఆమె అణువు చక్కగా వెలిగింది, రిపోర్టులోనూ రాసేసింది. ఆ తర్వాత నాలుగు నెలలుగా వెలగనంటే వెలగనని మొండికేసింది. శుక్రవారం మీటింగులో మళ్లీ చూపించాలి. చూపించలేకపోతే పని ఆపేస్తారు. అంతకంటే భయం, మొదటిది కల్పించి రాసిందనుకుంటారని. ఈ మాట ఇంట్లో అమ్మకి కూడా చెప్పలేదు.

ఆ రోజు చీకట్లో ఆరో నిమిషమో ఏడో నిమిషమో, ఆమె నోటివెంట అదంతా బయటికి వచ్చేసింది. కాస్త ఏడ్చింది కూడా. మాస్టారు ఆశ్చర్యపోలేదు, ఓదార్చనూ లేదు.

"మొదట్లో వెలిగినప్పుడు దేంట్లో కలిపారు?" అన్నారు.

"గాజు ట్యూబులో."

"ఇప్పుడు?"

"కొత్తగా వచ్చిన ప్లాస్టిక్ వాటిల్లో," అంటూనే ఆమె ఆగిపోయింది.

వాడి పారేసిన ట్యూబొకటి తెచ్చి యూవీ దీపం కింద పెట్టారు. ఆమె ఎప్పుడూ నీటిని బయటికి తీసి కొలిచేదే తప్ప ఖాళీ ట్యూబును చూసింది లేదు. లోపల చుక్క నీరు లేదు, గోడలకు మాత్రం నీలిపొర సన్నగా మెరుస్తోంది. వారు డీఎన్ఏ దాకా వెళ్లనే లేదు, దారిలో ప్లాస్టిక్ గోడకే అతుక్కుపోయి అక్కడే కాపురం పెట్టేశారు. గాజులో కలిపి చూస్తే, ఏడు నెలల కష్టం ఆమె కళ్లముందు నిండుగా, నీలంగా వెలిగింది.

"పది నిమిషాలు కూర్చోబట్టే కదా మాస్టారూ కనబడింది," అందామె.

"అబ్బే, ఇది యూవీ దీపం వేసిన మరుక్షణమే కనబడుతుంది. ఇంతకంటే మసకవైతే కెమెరా చూసుకుంటుంది. దానికి చీకటి అలవాటు కానక్కర్లేదు."

"మరి అందర్నీ ఎందుకు కూర్చోబెడతారు?"

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కాసేపు గొణిగారు. లోపలికి వచ్చేవాళ్ల మొహాలు చూస్తే చాలామంది ఏదో మోస్తున్నట్టు ఉంటారట. ఏమైందని అడిగితే ఏమీ లేదంటారట. "పిచ్చి నాదనుకుంటే వాళ్లకి నామోషీ ఉండదు కదమ్మా," అన్నారు.

ఆమెకు ఆయన మీద ఒక్కసారిగా చెప్పలేనంత ప్రేమ కలిగింది. థాంక్స్ చెప్పబోయి మోకాలు స్టూలుకి కొట్టుకుంది.

శుక్రవారం మీటింగులో పదకొండుమంది ఉన్నారు. పెద్దమ్మాయి లేచి, ముందు దీపాలన్నీ ఆర్పించమని డైరెక్టర్ని కోరింది. కళ్లు కుదుటపడాలని చెప్పింది. చూపించబోయేది తెరమీద ఫోటో, దానికి ఏ కుదురూ అక్కర్లేదు. కిటికీ తెరలు కూడా దించేశాక, గొంతు వణకనిచ్చి, నాలుగు నెలలు తప్పు ట్యూబులు వాడానని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

కాసేపటికి వెనక వరసలోంచి ఒక దగ్గు వినబడింది.

"ఆ ట్యూబులే నేనూ వాడుతున్నాను," అంది ఒక మగగొంతు. "రెండేళ్లుగా."

ఎడమవైపు నుంచి మరొకరు తామూ అంతేనన్నారు. తర్వాత ఇంకొకరు. అప్పుడు బల్ల చివర, డైరెక్టర్ కూర్చున్న చోటినుంచి, నిదానంగా మాట వచ్చింది.

"వాటిని తెప్పించింది నేనే. ఇంకో పది నిమిషాలు దీపాలు వేయకండి."