కర్పూరం నూనె

మా పిల్లి బుజ్జి నిన్నటి నుంచి నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది. తీసుకున్న ప్రతిసారీ డొక్కలు లోపలికి పోతున్నాయి. పొద్దున్నే కరీంనగర్‌లో పశువుల డాక్టరుకు చూపించాను.

"ఛాతీల నీరు చేరొచ్చు, గుండె జబ్బన్నా కావచ్చు. ఒంటికి ఏమన్నా రాసిన్రా? కర్పూరం అసలే వద్దు. నాకితే పిల్లులకు విషం" అన్నాడు.

నా రెండు చేతులూ చూసుకున్నాను.

మందమర్రి బొగ్గుబాయి కాలనీల్లో నాతో పెరిగినవాళ్లారా, మీ ఇళ్లలోనూ ఆ కర్పూరం వాసన ఉండేది కదా? బాపు, అంటే నాన్న, గనిలో డ్యూటీ దిగి వస్తే ఒకటే దగ్గు. మేం అవ్వ అని పిలిచే అమ్మ సత్తు గిన్నెలో నువ్వుల నూనె కాచి, కర్పూరం నలిపి వేసి, ఆయన ఛాతీకి రుద్దేది. నేను మూడో తరగతిలో ఉండగా మా నల్లపిల్లికీ ఆయాసం వచ్చింది.

"నా లెక్కనే దమ్ము వట్టింది దీనికి. ఏ బాయిల దిగిందో అడుగు" అని బాపు నవ్వాడు.

"గా నూనె జర దీనికి గూడ రాయి బిడ్డా" అంది అవ్వ.

రెండు చేతులతో రాశాను. పిల్లి ఒళ్లంతా నాక్కుంది. సాయంత్రానికి వణికి వణికి చచ్చిపోయింది. ఆయాసమే తీసుకుపోయిందనుకున్నాం.

ఇవాళ బుజ్జికి ఆక్సిజన్ పెట్టించి బయటికి రాగానే, దాని ఆయాసం సంగతి నిన్ననే తెలిసిన అవ్వ ఫోన్ చేసింది.

"దానికి గా నూనె రాయి బిడ్డా. బాపుకు నేను రాసిన, నల్లదానికి నువ్వు రాసినవ్. మనం చేసేది మనం చేసినం గదా."

బాపు పోయినప్పటి నుంచి అవ్వ ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతోంది. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఇన్నాళ్లూ ఏది తెలిసినా ఆమెకు విడమర్చి చెప్పాను.

"సరే అవ్వా, రాస్త" అన్నాను.