పెరుగు డబ్బా కింద ఫ్యాను

ట్రాయ్ అనే ఈ మంచు ఊళ్ళో మాది రెండు కార్ల గరాజ్. ఒక సగంలో నా కారు, రెండో సగంలో నేను బీరు కాచే సామాను. మా ఆవిడ కారు బయట మంచులో. నా మొదటి రెండు బ్యాచులకూ స్నేహితులు "బాగుంది అన్నా" అంటూనే గ్లాసులు మా పూలకుండీల్లో ఒంపారు. బంతి మొక్కలు చచ్చిపోయాయి. ఒక ఉదయం కారు అద్దం మీది ఐసు గీకి లోపలికి వచ్చిన మా ఆవిడ చేతులు రుద్దుకుంటూ తేల్చేసింది.

"ఇదే లాస్ట్ బ్యాచ్. బాగోకపోతే గరాజ్ ఖాళీ చేస్తున్నావ్."

తప్పంతా బీరును పులియబెట్టే ఈస్ట్‌దే అని నా నమ్మకం. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, ఆ బాపతు. ఈస్ట్‌ని ముందుగా పల్చటి బార్లీ మాల్ట్ నీళ్ళలో వేసి ఆగకుండా కలుపుతూ ఉంటే దండిగా పెరుగుతుంది. అలా కలపడానికి ఒక యంత్రం దొరుకుతుంది. గాజు ఫ్లాస్కు కింద అయస్కాంతం తిరిగితే, ఫ్లాస్కు లోపలి అయస్కాంతపు పుల్ల కూడా తిరుగుతుంది. కానీ ఇంజనీరునై ఉండి కొనుక్కోవడమేమిటని పౌరుషం పొడుచుకొచ్చింది.

పాత కంప్యూటర్ ఫ్యాను తీసి, పాడైన హార్డ్ డిస్క్‌లోని అయస్కాంతాలు దాని మధ్యన అంటించాను. పెట్టె కోసం వెతికితే మా స్టీలు పోపుల డబ్బా ముచ్చటగా కనిపించింది. ఆవాలు, మెంతులు ఒకే గిన్నెలోకి ఒంపేసి (దాని శిక్ష వేరే అనుభవించాను) ఫ్యాను అందులో బిగించాను. స్విచ్ వేస్తే కదల్లేదు. అయస్కాంతం స్టీలు మూతను పట్టుకుని వదలడం లేదు. నేను కార్ల కంపెనీలో పదకొండేళ్ళుగా మోటార్లు డిజైన్ చేస్తున్నాను. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

చివరికి ఖాళీ ప్లాస్టిక్ పెరుగు డబ్బా బోర్లించి దాని కింద ఫ్యాను పెడితే కుదిరింది. ఫ్లాస్కులో సుడి లేచింది. కుర్చీ వేసుకుని గంటసేపు దాన్నే చూశాను.

రెండు రోజులయ్యాక ఫ్యాను ఆపితే ఈస్ట్ అడుగున చిక్కగా పేరుకుంది. పైనీళ్ళు వంపేసి, శనివారం బీరు కాచేదాకా ఆ ముద్దను మరో పెరుగు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. మనవాళ్ళ ఫ్రిజ్‌ నిండా పెరుగు డబ్బాలే ఉంటాయి, పెరుగు మాత్రం ఒక్కదానిలోనే ఉంటుంది. మూత మీద పేరు రాయాలని నాకు తోచలేదు.

అదే శనివారం, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి నలభై మందికి ఇడ్లీలు తెస్తానని మా ఆవిడ మాట ఇచ్చింది. ఓవెన్‌లో లైటు వేసి పెట్టినా చలికి పిండి పులవనంది. ఆ పొద్దున నేను కిందికి దిగేసరికి అదే పిండి గిన్నె దాటి, ఓవెన్ తలుపు సందులోంచి నేల మీదికి కారుతోంది. నా డబ్బా కడిగి బోర్లించి ఉంది.

"ఇందులో ఉన్నదేదీ?" అన్నాను.

"పాత పిండేగా? పులిసిన వాసన వస్తోందని రాత్రి కొత్తదాంట్లో మిక్స్ చేశా."

పాట్‌లక్‌లో ఆ ఇడ్లీల కోసం జనం రెండోసారి లైన్‌లో నిలబడ్డారు. "అక్కా, రెసిపీ గ్రూప్‌లో పెట్టవా" అని ఒకటే గోల.

తిరిగొస్తూ కార్లో నిజం చెప్పాను. చాలాసేపు నవ్వింది. దాంతో ధైర్యం వచ్చి వాదన ఎత్తుకున్నాను. బీరు కాయనే లేదు, కాబట్టి బాగోలేదనడానికి వీల్లేదు. పైగా ఈస్ట్ బాగుందనడానికి నలభై మంది సాక్షులు. అందుకని సామాను గరాజ్‌లోనే ఉండాలి.

"ఉండనీ," అంది. "నీ కార్ బయట పెట్టు."

రెండు చలికాలాలుగా ఆ ముక్క నాకు తట్టనే లేదు. నిజంగా సిగ్గేసింది. సోమవారం పొద్దున ఐసు గీకుతుంటే నా వేళ్ళు కొంకర్లు పోయాయి. గరాజ్ తలుపు పైకి లేచింది. మా ఆవిడ కారు పొడిగా బయటికి వచ్చి, నా పక్కన ఒక్కసారి హారన్ కొట్టి వెళ్ళిపోయింది.