లెక్కలో లేని ఆదివారం

మా పక్కింటి ప్రమీలత్త కూతురు మనీషా తెనాలిలో డిగ్రీ చదువుతోంది. పదో తరగతిలో మా బడికే ఫస్టు వచ్చిన పిల్ల, ఫోనులో రీల్స్ మరిగాక రెండు సబ్జెక్టులు తప్పింది. మళ్ళీ రాయాల్సిన పరీక్షలు ఈస్టరు ముందరి ఉపవాస దినాల్లో, లెంటులో పడ్డాయి. ఆ నలభై రోజులూ మా లూథరన్ ఇళ్ళలో చాలామంది మాంసం మానేస్తారు. మనీషా ఫోను మానేస్తానని తెచ్చి నా కుట్టుమిషను సొరుగులో పెట్టింది.

పరీక్షకు ముందురోజు ఆదివారం. చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది.

“అక్కా, ఫోనివ్వు. ఆదివారాలు నలభైలో లెక్కకు రావుగా.”

“రేపు పరీక్ష కదే?”

“ఇవాళ మా అమ్మ కోడికూర వండితే లేని తప్పు నేను చూస్తే వచ్చిందా? ఒక్క రీలు చూసి ఇచ్చేస్తా.”

సొరుగు తీసి ఇచ్చేశాను. మా గడపలోనే కూర్చుంది. ప్రమీలత్త అన్నానికి పిలిచి పిలిచి, చివరికి కంచం తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి మనీషా ముద్ద కలపబోయి ఆగింది. కూర చల్లారిపోయింది.

“ఇప్పుడేగా అమ్మ పెట్టింది?”

“సాయంత్రమవుతోందే,” అన్నాను.

వీధిలోకి చూసింది. ఫోను నా చేతిలో పెట్టి, “వచ్చే ఆదివారం అడిగినా ఇవ్వకక్కా,” అంది. ఇంట్లోంచి పుస్తకం తెచ్చుకుని, చల్లటి అన్నం తింటూ చదువుకోసాగింది.