నీడలో ఆరిన సీటు

మా పక్కింటి సీట్లన్న పోయిన బుధవారం తెల్లారి కాఫీ తాగతా తాగతానే పోయినాడు. వాననీళ్ళలో మునిగిన కార్ల తోలు సీట్లు బాగుచేసేవాడు, పెయింటు శుభ్రం చేసేవాడు. మా రాయపురం సందులో అందరూ ఆయన్ని అట్లే పిలుస్తారు. ఆయన పోయిన పొద్దు వాళ్ళ వసారాలో ఒక సీటు ఇంకా తడిగానే ఉండింది. ఏడుస్తానే నాకు దాని దిగులు. వదిలేస్తే కట్టెలాగా బిగుసుకుపోతాది. ఆయన చేసిన చివరి పని పాడైపోతాదే అని.

నాకు అన్నిటికీ భయమే. గ్యాస్ ఆపినానా, తాళం వేసినానా అని వీధి చివరిదాకా పోయి వెనక్కి వస్తా. "ఈ పొద్దు భయపడేదానికి ఇంకా ఏమీ దొరకలేదా చెల్లీ?" అని నవ్వేవాడు అన్న.

ఒకసారి ఒక కారు కడిగి నిలబెట్టినాడు. అద్దంలాగా ఉండింది. "అయిపాయ కదన్నా?" అన్నా. నా చేతికి ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి, "ఇప్పుడు తడుము" అన్నాడు. ఉప్మా రవ్వ మీద చెయ్యి పెట్టినట్టుండింది! కవర్ తీసి తడిమితే నున్నగా ఉంది. హార్బరు లారీల దుమ్మంట, పెయింటులో కరుచుకొని ఉంటాదంట.

"ఉత్త చేతికి తెలియంది కవర్ చేతికి ఎట్లా తెలుస్తాదన్నా?"

"నలభై ఏండ్లుగా నేనూ అదే అడగతా ఉన్నా" అన్నాడు.

ఇంటికి పోయి ఆ కవర్‌తో ఫ్రిజ్జు, బిందె, బీరువా అద్దం అన్నీ తడిమి చూసినా.

ఇంకోసారి నేను ఒక తప్పు చేసినా. అన్న ఇంట్లో లేనప్పుడు, నీడలో సీటు కుళ్ళిపోతాదేమో అని భయపడి ఎండలోకి లాగినా. సాయంత్రానికి బిర్రబిగిసి ముడతలు పడింది. వచ్చి చూసి, "అప్పళమా చెల్లీ, ఎండబెట్టేదానికి?" అన్నాడు. అంతే. నాలుగు రోజులు తడిగుడ్డ కప్పి, క్రీము పూసి, మెత్తబరిచినాడు. కారాయనతో "నా ఏమరపాటే సార్" అన్నాడు. నా పేరే ఎత్తలేదు.

మరుసటి రోజు నన్ను ఇంకో తడి సీటు దగ్గరికి పిలిచినాడు. "నువ్వు ఎట్లాగూ గంటకోసారి భయపడతావు. అప్పుడంతా వచ్చి దీన్ని తాకి చూడు. బిడ్డకి జరం చూసినట్టు, చెయ్యి వెనకతట్టుతో. చల్లగా ఉంటే లోపల తడి ఉండాదని. చల్లదనం తగ్గతానే నన్ను పిలువు."

"చచ్చిన తోలుకి ఈ క్రీమంతా ఎందుకన్నా?"

"నీళ్ళు పోతా పోతా దాంట్లో నూనె తీసుకొని పోతాయి. ఆ దారిలోనే మనం తిరిగి నూనె పంపించాల. తొందరపడకూడదు."

నా భయానికి ఒక పని చూపించింది ఆయనొక్కడే.

బుధవారం ఆయన్ని కాటికి తీసుకుపోయినాక నేను మెల్లగా వసారాలో ఆ తడి సీటు దగ్గరకు పోయి ఫ్యాను వేసినా. "ఇప్పుడా ఇది?" అన్నారు చుట్టాలు. అన్న భార్య తలెత్తింది. "తాకనీండి. అది ఆమె పని" అనింది.

మూడు రోజులు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా గంటకోసారి పోయినా. నాలుగో రోజు చల్లదనం తగ్గింది. పిలవడానికి నోరు తెరిచి, మూసుకున్నా. నేనే క్రీము పూసినా. బొటనవేలితో నొక్కితే తోలు లోపలికి పోయి, మెల్లగా పైకి వచ్చింది.

నిన్న ఎన్నూరు నుంచి కారాయన వచ్చి, సీటు ఒత్తి చూసుకొని తీసుకుపోయినాడు. ఫ్యాను కింద ఇప్పుడు అన్న కూర్చునే తోలు చుట్టిన ముక్కాలిపీట ఒక్కటే ఉండాది. ఈ పొద్దు కూడా గంట కాగానే పోయినా. దాని మీద చెయ్యి వెనకతట్టు పెట్టి చూసినా. చల్లగానే ఉండింది.