నా తలకు నా చేతి నూనె

మా ఇంట్లో దీపావళి తలంటుకు ఒక పద్ధతి ఉంది. తెల్లవారుజామున అందరం వరసగా పీట మీద కూర్చుంటాం. అమ్మ నువ్వుల నూనె గిన్నె తెచ్చి ఒక్కొక్కరి మాడున మూడు చుక్కలు పెట్టి, "నూరేళ్ళు చల్లంగా ఉండు" అని దీవించి, ఆపైన మొట్టినంత గట్టిగా మర్దనా చేస్తుంది. పండగనాడు ఎవరి తలకు వాళ్ళు నూనె పెట్టుకోకూడదని నాకు ఎవరు చెప్పారో గుర్తులేదు. చిన్నప్పటి నుంచీ గట్టిగా నమ్మాను, అంతే.

ఆత్మకూరులో మాది కిరాణా అంగడి. మా ఇంట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోకుండా బయట ఉద్యోగానికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. ఉదయగిరి దగ్గర పశువైద్య సహాయకురాలిని. బస్సెక్కితే రెండు గంటల దారి, దూరమని చెప్పుకోవడానికి కూడా సిగ్గే. కానీ దీపావళి వచ్చేది సరిగ్గా గొర్రెలకు నీలినాలుక రోగం తగిలే వానల్లో. ఆ రోజుల్లో మాకు సెలవుండదు, తెల్లారేసరికి దొడ్ల దగ్గర ఉండాలి.

మొదటి ఏడు నేను చేసిన నిర్వాకం చెప్పాలి. పండగరోజు డ్యూటీ నుంచి గదికొచ్చి ముసుగుతన్ని పడుకున్నాను. స్నానం లేదు, తిండి లేదు. అమ్మ ఫోన్ చేస్తే పూర్ణాలు తిన్నానని అబద్ధమాడాను. మర్నాడు గొర్రెలకు సూదులు వేస్తూ వేస్తూ కళ్ళు తిరిగి దొడ్లోనే పడిపోయాను. కబురు ఇంటికి చేరింది. నాయన వచ్చి, మూలనున్న ఖాళీ గిన్నెలు చూసి ఒకటే మాట అన్నాడు.

"ఇంకో పండగ ఇట్ట జరిగిందంటే రాజీనామా రాసిచ్చి ఇంటికొచ్చేయాల."

నాయన మాటంటే మాటే. నాకేమో ఆ ఉద్యోగం ప్రాణం.

జీవం మేత మానేస్తే మొదటిరోజే కనిపెట్టండి, గంజి కాచి చేత్తో తాగించండి అని రోజంతా ఊళ్ళు తిరిగి చెప్పేదాన్ని నేను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టుంది నా సంగతి.

మరుసటేడూ సెలవు రాలేదు. పండగ ముందురోజు ఒక అవ్వ దొడ్డికి వెళ్ళాను. కొడుకూ కోడలూ బాగున్న మందను తోలుకుని పెన్న ఒడ్డుకు పోతే, రోగమొచ్చిన ఏడు గొర్రెలకు ఆమె ఒక్కతే కాపలా ఉంది. నేను సూదులు వేస్తుంటే ఆమె పుండుపడిన మూతులకు వేపనూనె రాస్తోంది.

"రేపు తలకు పోసుకునేది లేదా మేడమా?" అని అడిగింది.

"నూనె పెట్టేదానికి ఎవరూ లేరవ్వా."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు చేతులుండాయి గదా."

"ఎవరికి వాళ్ళు పెట్టుకోకూడదంట."

"ఎవురు చెప్పినారు? మావాళ్ళు జీవాలెంట పోతే నాకెవురు పెడతారు? నేనే పెట్టుకుంటా, నేనే దీవించుకుంటా. ఈ గొర్రె చూడు, మూతి వాచినా గంజికి నోరు తెరస్తా ఉండాది. నీకేమొచ్చె?"

నాకు కోపమొచ్చింది. నిజం చెప్పినవాళ్ళ మీదే కదా మనకు కోపం వచ్చేది. అయినా గదికి పోతూ నువ్వుల నూనె, కుంకుడుకాయలు, అలసందపప్పు కొన్నాను. పప్పు నానేసి పడుకున్నాను.

తెల్లవారుజామున పీట లేక బకెట్టు బోర్లించి కూర్చున్నాను. మాడున మూడు చుక్కలు పెట్టుకుని, తలుపు వేసి ఉందో లేదో మరోసారి చూసుకుని, "నూరేళ్ళు చల్లంగా ఉండు" అని పైకే అన్నాను. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. కుంకుడురసం కళ్ళలో పడ్డాక ఏది ఎందుకో తేల్చుకోలేదు. ఆపైన అలసందవడలు చేశాను. పదిమందికి వండే ఇంట్లో నేర్చిన చెయ్యి కదా, ఎంత తగ్గించినా తొమ్మిది వచ్చాయి. ఆరు తిని, మూడు అవ్వకు కట్టాను.

బయల్దేరబోతుంటే అమ్మ ఫోన్ చేసింది.

"తిన్నావా?"

"ఆరు వడలు తిన్నా. ఈసారి నిజంగానే."

"తలంటుకున్నావా? ఎవరు పెట్టినారు నూనె?"

"నేనే పెట్టుకున్నా."

తిడుతుందనుకున్నాను.

"మంచిపని చేసినావు," అంది. "మీ నాయనకు నేను చెప్తాలే, రాజీనామా మాట ఇంక ఎత్తడు. ఈడ నాకు మాత్రం ఎవరు పెడతా ఉండారు పాపా? మీ అందరికీ అయినాక పొయ్యికాడ నిలబడి నేనే పెట్టుకుంటా. పెళ్ళయినకాడి నుంచీ అంతే."

ఇరవై ఏళ్ళకు పైగా ఆ పీట మీద కూర్చున్నాను. అమ్మ తలకు ఎవరు నూనె పెడతారని ఒక్కసారి కూడా అడగలేదు. చాలా సిగ్గేసింది.

"నెలాఖరుకు సెలవు దొరుకుతుందిమా," అన్నాను. "నేనొచ్చిన రోజు పీట మీద నువ్వు కూర్చోవాల. నూనె నేను పెడతా."

"చాల్లే సంబడం, పోయి గొర్రెల్ని చూసుకో," అంది అమ్మ. వద్దని మాత్రం అనలేదు.